మధుమేహ మందులు, క్యాన్సర్ ముప్పు: గ్లిటజోన్లు నేర్పిన పాఠం

రక్తంలో చక్కెరను తగ్గించే మందులు క్యాన్సర్‌కు దారి తీస్తాయా అన్న ప్రశ్న గత పాతికేళ్లుగా ఔషధ శాస్త్రాన్ని వదలకుండా వెంటాడుతోంది. పయోగ్లిటజోన్‌కు మూత్రాశయ క్యాన్సర్‌తో, ఇన్సులిన్ గ్లార్జిన్‌కు రొమ్ము క్యాన్సర్‌తో, కొత్త ఇంజెక్షన్లకు థైరాయిడ్ క్యాన్సర్‌తో సంబంధం ఉందని ఒక్కో కాలంలో ఒక్కో అనుమానం తలెత్తింది. ఇంకోవైపు మెట్‌ఫార్మిన్ క్యాన్సర్‌ను అడ్డుకుంటుందన్న ఆశ కూడా పుట్టింది. భారత వైద్య పరిశోధనా మండలి నిర్వహించిన ఇండియాబ్ సర్వే 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనం మధుమేహంతో జీవిస్తున్నారు. పెద్దవాళ్లలో ఇది 11.4 శాతం, పట్టణాల్లో 16.4 శాతం, పల్లెల్లో 8.9 శాతం. కాబట్టి ఇది మహానగర ఆసుపత్రుల్లో తేలిపోయే చర్చ కాదు. నెల్లూరుకు ఉత్తరాన, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని ఆనుకుని, పెన్నా డెల్టా వరి పొలాల మధ్య ఉన్న కొడవలూరు వంటి మండల కేంద్రాల్లోనూ షుగర్ మాత్ర రోజువారీ జీవితంలో భాగమైపోయింది. ఆ మాత్ర మీద పుట్టే భయమైనా, దాన్ని గుడ్డిగా నమ్మడమైనా అక్కడి ప్రాణాల మీదే పడుతుంది.

‘షుగర్ మందు వాడితే క్యాన్సర్ వస్తుందా’ అన్న ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్నేళ్లు, ఎవరికి, దేనితో పోల్చితే అని అయిదు సంగతులు తేల్చుకున్నాకే జవాబు దొరుకుతుంది. అలా తేల్చుకుంటూ పోతే రెండు నిజాలు బయటపడతాయి. ఎక్కువ మందుల విషయంలో అనుమానం నిలబడలేదు; నిలబడిన చోట ముప్పు చిన్నది, మోతాదును బట్టి మారేది, ముందే అడిగి తెలుసుకుంటే చాలావరకు తప్పించుకోగలిగినది. ఆ చిన్న ముప్పుకు భయపడి మందు మానేస్తే ఎదురయ్యేది మాత్రం చాలా పెద్ద ముప్పు. ఈ నిర్ధారణకు ఆధారాలేమిటో, దానికి ఎదురయ్యే అభ్యంతరాలకు సమాధానమేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వ్యాధిలోనే ఉన్న ముప్పు

మందుల మీద విచారణకు ముందు మధుమేహాన్నే విచారించాలి. అమెరికా మధుమేహ సంఘం, అమెరికా క్యాన్సర్ సంఘం కలిసి 2010లో ఒక ఏకాభిప్రాయ నివేదిక వెలువరించాయి. రెండో రకం మధుమేహం ఉన్నవారిలో కాలేయం, క్లోమం, గర్భాశయం లోపొర క్యాన్సర్లు దాదాపు రెట్టింపుగానో అంతకు మించో కనిపిస్తున్నాయని, పెద్దపేగు, రొమ్ము, మూత్రాశయ క్యాన్సర్ల ముప్పు ఇరవై నుంచి యాభై శాతం దాకా ఎక్కువని అది చెప్పింది. ప్రొస్టేట్ క్యాన్సర్ మాత్రం వీరిలో కొంచెం తక్కువ. స్థూలకాయం, వయసు, కదలిక లేని జీవితం రెండు జబ్బులకూ ఉమ్మడి మూలాలు. శరీరం ఇన్సులిన్‌కు లొంగనప్పుడు రక్తంలో ఇన్సులిన్ పెరిగిపోతుంది. ఇన్సులిన్ చక్కెరను కణంలోకి పంపడంతో ఆగదు, కణాలను పెరగమని కూడా పురిగొల్పుతుంది. ఏళ్ల తరబడి సాగే లోపలి వాపు దీనికి తోడవుతుంది. కొన్నిసార్లు సంబంధం తలకిందులుగానూ ఉంటుంది. క్లోమంలో క్యాన్సర్ మొదలైతే ఇన్సులిన్ ఉత్పత్తి దెబ్బతిని, ముందుగా మధుమేహమే బయటపడుతుంది. అప్పుడు మొదలుపెట్టిన మందు మీద ఆ క్యాన్సర్ నింద పడుతుంది. అందుకే మందు వేసుకునే మధుమేహ రోగిని ఆరోగ్యవంతుడితో పోల్చి ‘వీరిలో క్యాన్సర్లు ఎక్కువ’ అనడం తప్పు లెక్క. ఒక మందు వాడే రోగిని మరో మందు వాడే రోగితో, జబ్బు తీవ్రత ఒకే స్థాయిలో ఉన్నప్పుడు పోల్చాలి. ఈ నియమం పాటించని చోటే ఎక్కువ భయాలు పుట్టాయి, ఎక్కువ ఆశలూ పుట్టాయి.

మియాపూర్ అణువులు

ఈ చరిత్రలో తెలుగు నేలకు నేరుగా భాగముంది. కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. మూల పరిశోధన కోసం 1993లో హైదరాబాదు మియాపూర్‌లో డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్‌ను నెలకొల్పారు. విదేశీ మందులను చౌకగా తయారు చేయడంతో సరిపెట్టుకోకుండా కొత్త మందును మన దగ్గరే కనుగొనాలన్నది ఆయన పట్టుదల. అప్పుడు ప్రపంచమంతా గ్లిటజోన్ల వైపు చూస్తోంది. ఇవి కణకేంద్రంలోని పీపార్ గామా అనే గ్రాహకాన్ని మేల్కొలిపి, శరీరం తన ఇన్సులిన్‌కు తానే మెరుగ్గా స్పందించేలా చేస్తాయి. మియాపూర్ శాస్త్రవేత్తలు ఈ కుటుంబంలో బాలాగ్లిటజోన్‌ను రూపొందించారు. డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ 1997లో దాని లైసెన్సు తీసుకుంది. భారతీయ సంస్థ తాను కనుగొన్న అణువును ఇలా విదేశీ సంస్థకు ఇవ్వడం అదే మొదలు. మరుసటి ఏడాది రాగాగ్లిటజార్ అదే దారిన వెళ్లింది. ఇది పీపార్ గామాతో పాటు కొవ్వులను నియంత్రించే పీపార్ ఆల్ఫాను కూడా మేల్కొలుపుతుంది కనుక చక్కెరనూ కొవ్వునూ ఒకే మాత్రతో అదుపు చేయవచ్చని ఆశించారు.

రాగాగ్లిటజార్ మనుషుల మీద మూడో దశ పరీక్షల దాకా వెళ్లింది. 2002 జూలైలో నోవో నార్డిస్క్ ఆ పరీక్షలను ఆపేసింది. సమాంతరంగా సాగుతున్న జంతు పరీక్షల్లో ఒక చిట్టెలుకలోనూ, కొన్ని ఎలుకల్లోనూ మూత్రాశయ కణితులు కనబడటమే కారణం. భారతీయ ఔషధ పరిశోధన మీద పెట్టుకున్న ఒక పెద్ద ఆశ అక్కడ ఆగిపోయింది. ఆ మందు ఒక్కదానిలోనే లోపం ఉందని సరిపెట్టుకోవడానికి వీల్లేకపోయింది. జపాన్ సంస్థ టకేడా తయారు చేసిన పయోగ్లిటజోన్‌కు అమెరికాలో 1999లోనే అనుమతి వచ్చింది. అనుమతికి ముందు చేసిన పరీక్షల్లో మగ ఎలుకల మూత్రాశయాల్లో కణితులు కనిపించాయి. రెండు గ్రాహకాలనూ మేల్కొలిపే మరో అణువు మురాగ్లిటజార్‌లోనూ అదే జరిగింది. దాంతో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2004లో ఒక నిబంధన తెచ్చింది. ఈ కుటుంబపు మందును మనుషుల మీద ఆరు నెలలకు మించి పరీక్షించాలంటే, రెండేళ్ల జంతు క్యాన్సర్ పరీక్షలు ముందే పూర్తి చేయాలి. ప్రయోగాలకు ఒప్పుకున్న రోగులకు ఇది మంచి రక్ష. మియాపూర్ అణువు మందు కాలేకపోయినా దాని పరీక్షలు వృథా పోలేదు. అనుమానం తలెత్తగానే ఆపేయడం శాస్త్రం చేయాల్సిన పనే.

ఎలుకలో కణితి వచ్చినంత మాత్రాన మనిషిలోనూ వస్తుందని తేల్చలేం. మురాగ్లిటజార్ మీద చేసిన పరిశోధనల్లో ఒక విషయం తెలిసింది. మగ ఎలుకల మూత్రంలో కాల్షియం కలిసిన స్ఫటికాలు ఏర్పడి మూత్రాశయపు గోడను ఒరుసుకుంటున్నాయి. గాయపడిన గోడ మళ్లీ మళ్లీ కణాలను పుట్టించుకుంటోంది. ఆ ఒత్తిడిలో కణితి మొదలవుతోంది. మూత్రాన్ని ఆమ్లంగా మార్చే ఆహారం పెట్టినప్పుడు స్ఫటికాలు తగ్గాయి, వాటితో పాటు కణితులూ తగ్గాయి. మనుషుల మూత్రం తీరు వేరు. అయినా మనిషి మూత్రాశయపు లోపొరలోనూ పీపార్ గ్రాహకాలున్నాయి కనుక స్ఫటికాల వివరణతోనే కేసు మూసేయలేం. తీర్పు చెప్పాల్సింది మనుషుల లెక్కలే.

పయోగ్లిటజోన్: మనుషుల్లో సాక్ష్యం

మనుషుల్లో మొదటి సంకేతం 2005లో వెలువడిన ప్రోయాక్టివ్ అధ్యయనంలో కనబడింది. 5,238 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పయోగ్లిటజోన్, రెండో జట్టుకు మందు లేని మాత్ర ఇచ్చారు. మొదటి జట్టులో 14 మందికి, రెండో జట్టులో ఆరుగురికి మూత్రాశయ క్యాన్సర్ వచ్చింది. అయితే వీటిలో చాలా కేసులు మందు మొదలైన ఏడాది లోపే బయటపడ్డాయి. క్యాన్సర్ ఎదగడానికి ఏళ్లు పడుతుంది కనుక వాటిని మందుకు అంటగట్టడం కష్టం. తర్వాత పెద్ద జనాభా లెక్కలు వచ్చాయి. ఫ్రాన్స్ ఆరోగ్య బీమా రికార్డుల్లోని దాదాపు 15 లక్షల మంది మధుమేహ రోగులను పరిశీలిస్తే, పయోగ్లిటజోన్ వాడినవారిలో ముప్పు 22 శాతం ఎక్కువని తేలింది. 2011 జూన్‌లో ఫ్రాన్స్ ఈ మందును నిలిపివేసింది. కొత్త రోగులకు మొదలుపెట్టవద్దని జర్మనీ తన వైద్యులకు సూచించింది. బ్రిటన్ రికార్డుల మీద 2012లో వచ్చిన అధ్యయనం ముప్పు 83 శాతం ఎక్కువంది. జీవితంలో వేసుకున్న మొత్తం మందు 28,000 మిల్లీగ్రాములు దాటినవారిలో అది రెండున్నర రెట్లని చెప్పింది. అమెరికాలోని కైజర్ పర్మనెంటే సంస్థ రికార్డుల మీద జరిగిన పదేళ్ల అధ్యయనం మాత్రం వేరే మాట చెప్పింది. 2011 నాటి మధ్యంతర ఫలితాల్లో దీర్ఘకాలం వాడినవారిలో 40 శాతం పెరుగుదల కనిపించింది. 1,93,099 మందిని లెక్కలోకి తీసుకున్న 2015 తుది ఫలితాల్లో ఆ తేడా ఆరు శాతానికి పడిపోయింది. గణాంకపరంగా అది తేడా కిందకే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ పయోగ్లిటజోన్‌ను ‘మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. అదే కుటుంబపు రోసిగ్లిటజోన్‌ను మాత్రం నిర్ధారించడానికి చాలినంత ఆధారం లేని వర్గంలో ఉంచింది.

ఇన్ని శాతాలు విన్నాక సామాన్యుడికి మిగిలేది భయమే. అందుకే శాతాన్ని తలల లెక్కలోకి మార్చాలి. 40 శాతం పెరుగుదల ఉందనుకున్న రోజుల్లోనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ వేసిన అంచనా ఇది: లక్ష మంది ఏడాది పాటు ఈ మందు వాడితే, వాడనివారితో పోల్చినప్పుడు అదనంగా వచ్చే మూత్రాశయ క్యాన్సర్లు 27 లేదా 28. అంటే పదివేల మందిలో ఏడాదికి ముగ్గురు. మూత్రాశయ క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కన్నా భారతదేశంలో తక్కువ కనుక ఇక్కడ ఆ అదనం ఇంకా తగ్గుతుందని భావించడం సబబే. మోతాదు సంగతి కూడా చూడాలి. విదేశీ ప్రయోగాల్లో రోజుకు 45 మిల్లీగ్రాముల దాకా ఇచ్చారు. మన దేశంలో సాధారణంగా రాసేది 15 లేదా 7.5 మిల్లీగ్రాములు. 28,000 మిల్లీగ్రాముల గీత దాటడానికి రోజుకు 45 చొప్పున ఏడాది తొమ్మిది నెలలు చాలు, 15 చొప్పున అయిదేళ్లు పడుతుంది, 7.5 చొప్పున పదేళ్లు. ఇంకోవైపు లాభం కూడా లెక్కించాలి. 2016లో వెలువడిన ఐరిస్ అధ్యయనం పక్షవాతం వచ్చి, మధుమేహం లేకపోయినా ఇన్సులిన్‌కు శరీరం లొంగని 3,876 మందిని అయిదేళ్లకు దగ్గరగా గమనించింది. మళ్లీ పక్షవాతమో గుండెపోటో వచ్చినవారు మందు లేని జట్టులో 11.8 శాతం, పయోగ్లిటజోన్ జట్టులో 9 శాతం. అదే అధ్యయనంలో మందు వాడినవారికి ఎముకలు విరగడం, బరువు పెరగడం, ఒంట్లో నీరు చేరడం ఎక్కువైంది. ఎంచుకున్న రోగికి ఇది మేలు చేసే మందే. అలాగని అందరికీ పంచదగినది కాదు, అందరూ పారేయదగినదీ కాదు.

నలభై మూడు రోజుల నిషేధం

భారతదేశంలో ఈ వివాదం 2013లో పరాకాష్ఠకు చేరింది. ఆ ఏడాది జూన్ 18న కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఔషధాల చట్టంలోని 26ఎ సెక్షన్ కింద పయోగ్లిటజోన్ తయారీ, అమ్మకాలను నిలిపివేసింది. అప్పటికి ఈ మందు దేశంలో లక్షల మంది వాడుకలో ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లైమిపిరైడ్‌లతో కలిపి మూడు మందుల మాత్రగానూ విరివిగా అమ్ముడయ్యేది. మధుమేహ నిపుణుల సంఘాలు ప్రతిఘటించాయి. మందు చౌక, ఇక్కడి మోతాదు తక్కువ, దీన్ని ఆపితే చాలామంది పేదలు ఖరీదైన మందుల వైపు వెళ్లాలి లేదా ఏ మందూ లేకుండా ఉండిపోవాలి అన్నది వారి వాదన. సరిగ్గా 43 రోజుల తర్వాత, జూలై 31న ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తివేసి షరతులు పెట్టింది. దీన్ని మొదటి వరుస మందుగా వాడకూడదు. మూత్రాశయ క్యాన్సర్ ఉన్నవారికీ, గతంలో వచ్చినవారికీ, మూత్రంలో రక్తం పడుతూ కారణం తేలనివారికీ ఇవ్వకూడదు. ఈ హెచ్చరిక మందు వెంట వచ్చే కాగితం మీద గడి కట్టి అచ్చు వేయాలి. తుది నిర్ణయం సరైనదే. కానీ అది చేరిన తీరు మంచిది కాదు. రాత్రికి రాత్రి ఆపడం, నెలన్నరలో మళ్లీ వదలడం వల్ల ‘షుగర్ మాత్రకు క్యాన్సర్ వస్తుందట’ అన్న సగం మాట మాత్రమే జనంలో మిగిలింది. ఎందుకు ఆపారో, ఏ షరతుల మీద తిరిగి ఇచ్చారో పల్లెకు చేరలేదు. నియంత్రణ సంస్థ బాధ్యత ఉత్తర్వుతో తీరదు. ఆ ఉత్తర్వు వెనుక ఉన్న కారణాన్ని మందు వాడే మనిషి భాషలో అతని దాకా చేర్చినప్పుడే అది తీరుతుంది.

నిలబడని అనుమానాలు

తక్కిన మందుల చరిత్ర చూస్తే ఒకే క్రమం కనబడుతుంది: ముందు చిన్న సంకేతం, తర్వాత పెద్ద కలవరం, చివరకు పెద్ద ప్రయోగంతో స్పష్టత. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ గ్లార్జిన్ క్యాన్సర్‌ను పెంచుతుందని 2009లో జర్మనీ రికార్డుల ఆధారంగా అనుమానం లేచింది. 12,537 మందిని ఆరేళ్లకు పైగా గమనించిన ఒరిజిన్ ప్రయోగం 2012లో రెండు జట్ల మధ్య క్యాన్సర్‌లో ఏ తేడా లేదని తేల్చింది. డాపాగ్లిఫ్లోజిన్ తొలి పరీక్షల్లో మూత్రాశయ, రొమ్ము క్యాన్సర్లు కొన్ని ఎక్కువగా కనిపించడంతో అమెరికా 2012లో అనుమతి నిరాకరించి, మరిన్ని వివరాలు వచ్చాక 2014లో ఇచ్చింది. 17,160 మంది పాల్గొన్న 2018 నాటి డిక్లేర్ ప్రయోగంలో మూత్రాశయ క్యాన్సర్ మందు వాడినవారిలో 26 మందికి, వాడనివారిలో 45 మందికి వచ్చింది. భయపడినదానికి ఇది పూర్తిగా ఎదురు. ఇక లిరాగ్లుటైడ్, సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు ఎలుకల థైరాయిడ్‌లోని సీ కణాల్లో కణితులు తెచ్చాయి. మనిషి థైరాయిడ్‌లో ఆ కణాలూ, వాటి మీద ఈ మందు పట్టుకునే గ్రాహకాలూ చాలా తక్కువ. 2023లో ఒక ఫ్రెంచి అధ్యయనం ముప్పు ఉందన్నా, యూరప్ ఔషధ సంస్థ అదే ఏడాది అక్టోబరులో ఆధారాలన్నీ చూసి కార్యకారణ సంబంధం తేలలేదని ప్రకటించింది. డెన్మార్క్, నార్వే, స్వీడన్‌లలో ఈ ఇంజెక్షన్లు వాడిన దాదాపు 1,45,000 మందిని పరిశీలించిన 2024 అధ్యయనంలోనూ చెప్పుకోదగ్గ పెరుగుదల కనబడలేదు. అయినా మెడులరీ థైరాయిడ్ క్యాన్సర్ కుటుంబంలో ఉన్నవారు వీటిని వాడకూడదన్న హెచ్చరిక అలాగే ఉంది, ఉండాలి కూడా. తిర్జెపటైడ్, బరువు తగ్గించే మోతాదు సెమాగ్లుటైడ్ 2025లో భారత విపణిలోకి వచ్చాయి కనుక ఈ ప్రశ్న మన పల్లెలకూ త్వరలోనే చేరుతుంది.

మెట్‌ఫార్మిన్: ఆశ, కల్తీ

మెట్‌ఫార్మిన్ కథ దీనికి అద్దంలో బింబం వంటిది. స్కాట్లాండ్‌లోని టేసైడ్ ప్రాంత రికార్డుల మీద 2005లో వచ్చిన ఒక చిన్న వ్యాసం, ఈ మందు వాడినవారిలో క్యాన్సర్లు తక్కువని చెప్పింది. తర్వాత వరసగా వచ్చిన అధ్యయనాలు ముప్పు మూడో వంతు దాకా తగ్గుతుందన్నాయి. కెనడా పరిశోధకులు 2012లో వీటిలో చాలావాటి లెక్కలో ఉన్న దోషాన్ని ఎత్తిచూపారు. షష్టిపూర్తి చేసుకున్నవారు చేసుకోనివారి కన్నా ఎక్కువ కాలం బతికారని లెక్క తేల్చి, ఆయుష్షు పెంచింది ఆ వేడుకేనని నమ్మితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. అరవై దాకా బతికినవారికే షష్టిపూర్తి జరుగుతుంది. అలాగే ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడిన జట్టులో చేరాలంటే ఆ ఏళ్లన్నీ క్యాన్సర్ రాకుండా గడిచి ఉండాలి. ఈ దోషం తొలగించి లెక్కిస్తే లాభం చాలావరకు కరిగిపోయింది. చివరి పరీక్ష ఫలితం 2022లో వెలువడింది. మధుమేహం లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగుల్లో కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి మందు లేని మాత్ర ఇచ్చి చూస్తే, జబ్బు తిరగబెట్టడంలో మేలేమీ కనబడలేదు. క్యాన్సర్‌ను ఆపడానికని మెట్‌ఫార్మిన్ వేసుకోవడానికి ఆధారం లేదు. మధుమేహానికి మాత్రం అది ఇప్పటికీ అండే: బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ ప్రయోగం, అధిక బరువున్న రోగుల్లో మెట్‌ఫార్మిన్ మొత్తం మరణాలను 36 శాతం తగ్గించిందని 1998లో చూపింది.

మెట్‌ఫార్మిన్ మీద మరో భయం మందు అణువు నుంచి రాలేదు, తయారీ నుంచి వచ్చింది. 2019 డిసెంబరులో సింగపూర్ ఆరోగ్య శాస్త్రాల సంస్థ 46 రకాల మెట్‌ఫార్మిన్ మాత్రలను పరీక్షించి, మూడింటిలో క్యాన్సర్ కారకమని అనుమానించే ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమైన్ హద్దు మించి ఉందని వెనక్కి రప్పించింది. ఆ హద్దు రోజుకు 96 నానోగ్రాములు. అంటే డెబ్బై ఏళ్ల పాటు రోజూ అంతే మోతాదు లోపలికి వెళ్లినా లక్ష మందిలో ఒకరికి మించి అదనపు క్యాన్సర్ రాకూడదన్న లెక్క మీద నిర్ణయించినది. 2020లో అమెరికాలో పలు సంస్థలు నెమ్మదిగా కరిగే రకం మాత్రలను వెనక్కి తీసుకున్నాయి. హైదరాబాదు కేంద్రంగా ఉన్న గ్రాన్యూల్స్ ఇండియాకు అమెరికాలో ఉన్న అనుబంధ సంస్థ కూడా ఆ ఏడాది జూలైలో 750 మిల్లీగ్రాముల మాత్రల 12 లాట్లను స్వచ్ఛందంగా ఉపసంహరించింది. మెట్‌ఫార్మిన్‌ను ప్రపంచానికి సరఫరా చేసే ప్రధాన కేంద్రాల్లో తెలంగాణ ఒకటి కనుక ఈ నాణ్యత మన పరువుకూ మన ప్రాణానికీ సంబంధించినది. అప్పుడు కూడా నియంత్రణ సంస్థలు రోగులకు చెప్పింది ఒకటే మాట: వైద్యుడు మరో మందు ఇచ్చేదాకా మీ మాత్ర మానకండి.

అభ్యంతరాలు, సమాధానాలు

అనుమానం ఉన్న మందును పూర్తిగా ఎందుకు తీసేయరు అన్నది మొదటి అభ్యంతరం. సులువైన ప్రత్యామ్నాయం అందరికీ అందుబాటులో ఉంటే ఆ వాదన బలమైనదే. కానీ చౌక మందు పోతే పేద రోగికి తరచుగా మిగిలేది అదుపు తప్పిన చక్కెర, దాని వెంట వచ్చే మూత్రపిండాల వైఫల్యం, చూపు పోవడం, కాలు తీసేయాల్సి రావడం, గుండెపోటు. పదివేలకు ముగ్గురన్న ముప్పును తప్పించబోయి అంతకు ఎన్నో రెట్లు పెద్దదాన్ని తెచ్చుకోవడం నివారణ అనిపించుకోదు. ఎవరికి ఇవ్వకూడదో తెలిసినప్పుడు వారికి ఇవ్వకుండా ఆపడమే సరైన దారి.

రెండో అభ్యంతరం మరింత గట్టిది. ఈ అధ్యయనాల్లో చాలావాటికి మందుల కంపెనీలే డబ్బిచ్చాయి, వాటిని ఎలా నమ్మాలి అని. కైజర్ అధ్యయనానికి నిధులిచ్చింది టకేడానే. అమెరికాలోని లూసియానాలో 2014లో ఒక జ్యూరీ, క్యాన్సర్ ముప్పును దాచిపెట్టారంటూ టకేడా, ఎలీ లిల్లీ సంస్థలకు కలిపి 900 కోట్ల డాలర్ల దండన విధించింది. న్యాయమూర్తి తర్వాత దాన్ని భారీగా తగ్గించారు. 2015లో టకేడా తప్పు ఒప్పుకోకుండానే వేలాది కేసుల పరిష్కారానికి దాదాపు 240 కోట్ల డాలర్లకు అంగీకరించింది. కాబట్టి అపనమ్మకానికి కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే కంపెనీ డబ్బు తీసుకోని బ్రిటన్, ఫ్రాన్స్ రికార్డుల లెక్కల్లో అత్యంత ప్రతికూలమైనదాన్నే నిజమనుకున్నా, తలల లెక్కలో ముప్పు చిన్నదిగానే ఉంటుంది. ఈ వ్యాసపు నిర్ధారణ కంపెనీ అధ్యయనం మీద ఆధారపడలేదు. బయటివారి లెక్కనే తీసుకున్నా అది నిలుస్తుంది. భారతీయ రోగుల మీద దీర్ఘకాలిక లెక్కలు తక్కువన్నది మూడో అభ్యంతరం, అదీ నిజమే. దానికి జవాబు భయపడటం కాదు, లెక్క కట్టడం. జిల్లా స్థాయి దాకా క్యాన్సర్ నమోదు పెంచి, రోగి ఏ షుగర్ మందు ఎన్నేళ్లు వాడాడో ఆ నమోదులో చేర్చితే, మన ప్రశ్నకు మన లెక్కలతోనే జవాబు వస్తుంది.

ఇంగ్లీషు మందులతో ఇంత గొడవ ఎందుకు, ఆకులూ పొడులూ ఉన్నాయి కదా అని నాలుగో మాట వినబడుతుంది. చెట్టు నుంచి వచ్చిందంటే చాలు క్షేమమనుకోవడం మూత్రమార్గం విషయంలో మరీ ప్రమాదం. మన దగ్గర ఈశ్వరి, గాడిదగడప అనే మొక్కలు చేరిన అరిస్టోలోకియా జాతిలో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉంటుంది. అది మూత్రపిండాలను పాడుచేస్తుందని, మూత్రమార్గంలో క్యాన్సర్ తెస్తుందని నిస్సందేహంగా రుజువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పయోగ్లిటజోన్ కన్నా పై వర్గంలో, నిర్ధారిత క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. పేరూ పాళ్లూ లేని పొడిలో ఏముందో ఎవరూ లెక్క చెప్పలేరు. లెక్క ఉన్న మందులో ముప్పు ఎంతో తెలుసు, దాన్ని తగ్గించే మార్గమూ తెలుసు.

కొడవలూరులో చేయవలసిన పని

ఇదంతా కొడవలూరు మందుల షాపు దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వరసలో దేనికి పనికొస్తుందన్నదే అసలు ప్రశ్న. పయోగ్లిటజోన్ రాసే ముందు వైద్యుడు మూడు మాటలు అడిగితే చాలు: మూత్రంలో ఎప్పుడైనా రక్తం పడిందా, మూత్రాశయ క్యాన్సర్ చికిత్స జరిగిందా, పొగ తాగుతారా. మూత్రంలో రక్తం రాళ్ల వల్ల కావచ్చు, ఇన్ఫెక్షన్ వల్ల కావచ్చు. కారణం తేలేదాకా ఈ మందు మొదలుపెట్టకూడదు. పొగాకు ప్రశ్న ఇక్కడ మరీ ముఖ్యం. ఇదే నెల్లూరు జిల్లాలో కలిగిరి, డీసీ పల్లిలలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. బీడీ, చుట్ట, సిగరెట్ అందరికీ చేతికందే దూరంలో ఉన్నాయి. మూత్రాశయ క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణం పొగాకే. పొగ తాగేవారికి ఆ ముప్పు తాగనివారి కన్నా దాదాపు మూడు రెట్లు. పయోగ్లిటజోన్ మీద అత్యంత ప్రతికూల లెక్క కూడా దీనికి దిగువనే ఉంటుంది. మాత్రకు భయపడి దాన్ని మానేసి బీడీ కొనసాగించే మనిషి చిన్న ప్రమాదాన్ని వదిలి పెద్దదాన్ని పట్టుకున్నట్టే.

చీటీ లేకుండా షాపులో అడిగి తెచ్చుకునే మూడు మందుల మాత్రలో పయోగ్లిటజోన్ ఉందని చాలామందికి తెలియదు. మందు పేరూ, హెచ్చరికా ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఒకటి రెండు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు ఆ కాగితం రోగి చేతికి రానే రాదు. 2013లో ప్రభుత్వం పెట్టిన షరతు అమలు కావాలంటే ఆ హెచ్చరిక తెలుగులో, స్ట్రిప్ మీదే ఉండాలి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం నెలనెలా మాత్రలు ఇచ్చేటప్పుడు ‘ఎర్రగా మూత్రం పడితే వెంటనే చెప్పండి’ అన్న ఒక్క మాట చేర్చాలి. ఇది ఖర్చు లేని పని. రోగి వైపు నుంచి చేయాల్సింది కూడా అంతే సులువు: వాడుతున్న మందు పేరు రాసిపెట్టుకోవడం, ఏడాదికోసారి వైద్యుడితో దాని అవసరాన్ని మళ్లీ చర్చించడం, ఎవరో చెప్పిన మాట విని తనంత తాను మానేయకుండా ఉండటం.

ఇరవై ఏళ్లకు పైగా సాగిన ఈ వాదంలో గ్లిటజోన్లు నేర్పినది ఒక పద్ధతి. అనుమానాన్ని దాచకూడదు, దాన్ని తీర్పుగానూ మార్చకూడదు. లెక్క కట్టాలి, ఆ లెక్కను మందు మింగే మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి. మొదటి సగం పనిని శాస్త్రవేత్తలు చాలావరకు పూర్తి చేశారు. రెండో సగం వైద్యులది, ఔషధ నియంత్రణాధికారులది, పత్రికలది. అది పూర్తయ్యేదాకా కొడవలూరులో షుగర్ మాత్ర వేసుకునే మనిషికి న్యాయం జరిగినట్టు కాదు.